క్లబ్ వరల్డ్ కప్ 2025 ప్రిక్వార్టర్స్: సిటీ, ఇంటర్ ఇంటికి. లక్కా, లెక్కా?

రైట్‌బ్యాక్ రావు:
ఎనిమిది మ్యాచ్‌లూ అయ్యాయి కాబట్టి కొత్త థ్రెడ్ తెరుస్తున్నా. గ్రూప్ దశ థ్రెడ్‌లో కొట్టుకోవడం ఇక ఆపండి బాబూ. స్కోర్లు ముందు ఒకచోట పెడతా, తర్వాత "ఎవరు ఎవరి మీద గెలిచారు" అని అడగొద్దు.

పాల్మైరాస్ 1-0 బొటాఫోగో (ఎక్స్‌ట్రా టైమ్)
చెల్సీ 4-1 బెన్ఫికా (ఎక్స్‌ట్రా టైమ్)
పీఎస్‌జీ 4-0 ఇంటర్ మయామీ
బయెర్న్ 4-2 ఫ్లమెంగో
ఫ్లూమినెన్స్ 2-0 ఇంటర్ మిలాన్
అల్ హిలాల్ 4-3 మాంచెస్టర్ సిటీ (ఎక్స్‌ట్రా టైమ్)
రియల్ మాడ్రిడ్ 1-0 యువెంటస్
డార్ట్‌మండ్ 2-1 మాంటెర్రే

నిన్నటి నుంచి ఎక్కడ చూసినా "సంచలనం", "అదృష్టం" అని రాస్తున్నారు. నేను ఒప్పుకోను. జూన్ 30న ఆరేడు గంటల తేడాలో రెండు పెద్ద యూరప్ టీమ్‌లు పోయాయి, రెండూ ఎదుటి కోచ్ వేసిన లెక్కకే దొరికిపోయాయి. ఫ్లూమినెన్స్ వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లను పెట్టి ఇంటర్‌కి ఖాళీ లేకుండా చేసింది. హిలాల్ ఏమో సిటీ వెనక ఉన్న ఖాళీని చూసి పరిగెత్తింది. ఇందులో లక్కు వాటా ఎంతో చెప్పండి చూద్దాం.

నీలిజెండా:
సిటీ అభిమానిగా మొదటి రాయి నేనే వేస్తా. లక్కు లేదంటారేంటి సార్? హిలాల్ గోల్‌కీపర్ బౌనౌ ఎన్ని ఆపాడో చూశారా? ఫస్టాఫ్‌లోనే ఆట ముగిసిపోవాల్సింది. 9వ నిమిషంలో బెర్నార్డో సిల్వా కొట్టాక ఇంకో రెండు పడాలి, పడలేదు, అన్నిటికీ బౌనౌ చేతులో కాళ్ళో అడ్డం. వేరే గోల్‌కీపర్ ఉండుంటే ఇంటర్వెల్‌కి 3-0. అప్పుడు మీ లెక్కలు ఎవడు అడిగేవాడు?

రైట్‌బ్యాక్ రావు:
గోల్‌కీపర్ ఆపితే అది లక్కు ఎలా అవుతుంది నీలీ? బౌనౌ జీతం తీసుకునేది అందుకేగా. 2022 వరల్డ్ కప్‌లో మొరాకోని సెమీస్ దాకా తీసుకెళ్ళినవాళ్ళలో ఒకడు, స్పెయిన్ పెనాల్టీలు ఆపినవాడు. కొత్తగా పుట్టుకొచ్చినవాడు కాదు కదా.

ఆఫ్‌సైడ్ అమ్మాయి:
సిటీ మ్యాచ్‌లో సెకండాఫ్ మొదటి ఏడు నిమిషాలు మళ్ళీ ఒకసారి చూడండి, మొత్తం కథ అక్కడే ఉంది. 46వ నిమిషం: హిలాల్ ఆటగాడు కాన్సెలో కొట్టిన బంతిని సిటీ గోల్‌కీపర్ ఎడర్సన్ ఆపాడు, కానీ పట్టుకోలేకపోయాడు. బాక్స్‌లో సిటీ వాళ్ళు బంతి వైపు చూస్తూ నిలబడిపోయారు, హిలాల్ మార్కోస్ లియొనార్డో మాత్రం కదిలాడు, తలతో లోపలికి. 52వ నిమిషం: సిటీ టీమ్ అంతా ముందుకొచ్చేసింది, కాన్సెలో ఒక్క పాస్‌తో లైన్ మొత్తాన్ని దాటించాడు, మల్కమ్ ముందు ఎవరూ లేరు. ఒక్కడంటే ఒక్కడు కూడా వెనక మిగల్లేదు! ఆ కాన్సెలో ఎవరు? ఒకప్పుడు ఇదే సిటీలో కోచ్ గార్డియోలా దగ్గర ఫుల్‌బ్యాక్. ఆ లైన్ ఎక్కడిదాకా పైకొస్తుందో, వెనక ఎంత మైదానం వదిలేస్తుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది.

ఇంకో మాట. ఆఖరి గోల్, 112వ నిమిషం కూడా అదే సీను. మిలింకోవిచ్ సావిచ్ హెడర్, ఎడర్సన్ ఆపాడు, తిరిగొచ్చిన బంతి మీదికి మళ్ళీ లియొనార్డోనే ముందు. ఒక మ్యాచ్‌లో రెండు రీబౌండ్ గోల్స్ ఒకడే కొట్టాడంటే అది డిఫెండర్ల నిద్ర, అదృష్టం కాదు.

బెంచ్ బాబాయ్:
అమ్మాయ్ బాగా చెప్పావు. నేను హిలాల్ కోచ్ ఇంజాగీ గురించి ఒకటి కలుపుతా. 2023లో ఇస్తాంబుల్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్, రోడ్రీ ఒక్క గోల్‌తో సిటీ గెలిచింది, ఓడిన ఇంటర్ కోచ్ ఇతనే. ఈ ఏడాది మే 31న మ్యూనిక్‌లో మళ్ళీ ఫైనల్, పీఎస్‌జీ చేతిలో 5-0. ఆ తర్వాత కొద్ది రోజులకే ఇంటర్‌ని వదిలి సౌదీ వెళ్ళాడు, అందరూ డబ్బు కోసం వెళ్ళాడనే అన్నారు (డబ్బు లేదని నేనూ అనను). ఇప్పుడు చూడండి, జూన్ 30 మధ్యాహ్నం షార్లట్‌లో అతని పాత టీమ్ ఇంటర్ బయటికి, అదే రాత్రి ఒర్లాండోలో అతను సిటీని బయటికి పంపాడు. అదీ హిలాల్ ఆటగాళ్ళు అల్ దౌసరీ, మిత్రోవిచ్ ఇద్దరూ గాయాలతో లేకుండా! టీమ్‌తో ఉన్నది నెల కూడా కాలేదు మరి.

నీలిజెండా:
బాబాయ్ మీరు కూడానా. సరే, డిఫెన్స్ దరిద్రంగా ఉందని నేనే ఒప్పుకుంటా. కానీ సీజన్ అంతా ఆడి ఆడి వచ్చిన టీమ్‌లు ఇవి. ఆగస్టు నుంచి మే దాకా ఆడి, ఆపకుండా జూన్‌లో అమెరికా ఎండలోకి వస్తే కాళ్ళు ఎక్కడ లేస్తాయి? బ్రెజిల్ వాళ్ళకి సీజన్ మధ్యలో ఉంది, ఊపు మీద ఉన్నారు. ఈ తేడా గురించి ఎవరూ మాట్లాడరేం?

సాంబా శీను:
ఆడలేక మద్దెల ఓడు అన్నారట! బ్రెజిల్ టీమ్‌లు ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడతాయో తెలుసా మీకు? జనవరిలో రాష్ట్ర స్థాయి టోర్నీలు మొదలుపెడితే డిసెంబర్ దాకా లీగు, కప్పు, లిబర్టడోరెస్ (దక్షిణ అమెరికా క్లబ్‌ల చాంపియన్‌షిప్), మధ్యలో ఆ దేశం ఒక మూల నుంచి ఇంకో మూలకి విమాన ప్రయాణాలు. అలసట గురించి యూరప్ వాళ్ళు బ్రెజిల్ వాళ్ళకి పాఠాలు చెప్పడం ఏంటి. గ్రూప్ దశలో బొటాఫోగో పీఎస్‌జీని 1-0, ఫ్లమెంగో చెల్సీని 3-1. నాలుగు బ్రెజిల్ టీమ్‌లు వచ్చాయి, నాలుగూ గ్రూపు దాటాయి. ఇక ఫ్లూమినెన్స్ సంగతి. గోల్‌కీపర్ ఫాబియోకి 44, థియాగో సిల్వాకి 40, గోల్ కొట్టిన కానోకి 37. ఆ వయసు వాళ్ళకి లేని అలసట ఇంటర్ కుర్రాళ్ళకి వచ్చిందా?

జెర్సీ నంబర్ 5:
"ఇంటర్ కుర్రాళ్ళు" అన్న దగ్గర నవ్వు ఆగలేదు శీనూ. యూరప్ పెద్ద టీమ్‌లలో ముసలి జట్టు ఏదంటే అందరూ ముందు చూపించేది ఇంటర్‌నే 😄

స్వీపర్ కీపర్:
ఫ్లూమినెన్స్ మ్యాచ్ మొత్తం చూసినవాడిగా రాస్తున్నా. 3వ నిమిషంలో అరియాస్ క్రాస్ డిఫెండర్‌కి తగిలి పైకి లేచింది, కానో దాని మీదికి తల పెట్టాడు, బంతి ఇంటర్ గోల్‌కీపర్ సోమర్ కాళ్ళ మధ్య నుంచి దూరింది. ఆ ఒక్కదానిలో కొంచెం లక్కు ఉంది, కాదనను. కానీ మిగతా తొంభై నిమిషాలు? ఫ్లూమినెన్స్ కోచ్ రెనాటో గౌషో ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో ఆడించాడు, మధ్యలో థియాగో సిల్వా. అతను పరిగెత్తడు, పరిగెత్తాల్సిన అవసరం రానివ్వడు. ఒక చెయ్యి ఎత్తి ఎడమవైపు వాడిని రెండడుగులు లోపలికి రమ్మంటాడు, అంతే, ఇంటర్ వేయాలనుకున్న పాస్ దారి మూసుకుపోతుంది. మ్యాచ్ అంతా అదే పని. టీవీలో రీప్లే వేసేటప్పుడు ఇవి చూపించరు, అదో బాధ.

చివర్లో ఇంటర్ ఆటగాళ్ళు లౌతారో, డిమార్కో ఇద్దరివీ పోస్ట్‌కి తగిలాయి, నిజమే. అప్పటికి ఇంటర్ టీమ్ మొత్తం ముందుకొచ్చి ఉంది. 93వ నిమిషంలో ఫ్లూమినెన్స్ ఎర్క్యులెస్ బాక్స్ అంచు నుంచి నేల మీదుగా కొట్టి తలుపు మూసేశాడు. మ్యాచ్ అయ్యాక లౌతారో మైకు ముందు "ఉండాలనుకునేవాళ్ళు ఉండండి, లేకపోతే వెళ్ళిపోండి" అనే అర్థంలో సొంత టీమ్ వాళ్ళనే ఉతికాడు. పుండు మీద కారం. ఇప్పుడు చివూ పాపం, కొత్త కోచ్, వచ్చీ రాగానే ఈ గొడవ తలకి చుట్టుకుంది.

కొత్తగా వచ్చా:
అందరికీ నమస్తే. చాంపియన్స్ లీగ్ చూసే అలవాటు ఉంది, ఇది మొదటిసారి. ఒక డౌటు, ఇక్కడ రెండో లెగ్ ఉండదా? సిటీ ఒక్క మ్యాచ్ ఓడితే అయిపోయినట్టేనా? గ్రూపులో మూడుకి మూడు గెలిచారు కదా, యువెంటస్‌కి ఐదు కొట్టారు.

రైట్‌బ్యాక్ రావు:
స్వాగతం తమ్ముడూ. ఉండదు. నాకౌట్ అంతా ఒకే మ్యాచ్, వరల్డ్ కప్ పద్ధతి. 90 నిమిషాలకి సమం అయితే 30 నిమిషాలు అదనం, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. ఈ రౌండ్‌లో మూడు మ్యాచ్‌లు ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్ళాయి, మూడూ అక్కడే తేలాయి, పెనాల్టీల దాకా ఒక్కటీ పోలేదు. 32 టీమ్‌లు, ఎనిమిది గ్రూపులు, ఒక్కో దాంట్లో ఇద్దరు పైకి. నెల రోజుల్లో ముగించాలి, రెండు లెగ్‌లకి తీరిక ఎక్కడ? డబ్బు సంగతి కూడా చెబుతా: ప్రిక్వార్టర్స్‌కి వస్తే క్లబ్‌కి 75 లక్షల డాలర్లు, క్వార్టర్స్‌కి వెళ్తే ఇంకో కోటీ 31 లక్షల పైచిలుకు. సిటీకి అది పెద్ద లెక్క కాదు, హిలాల్‌కీ కాదు, ఫ్లూమినెన్స్ లాంటి క్లబ్‌కి మాత్రం ఏడాది గట్టెక్కే డబ్బు.

అసలు రెండో లెగ్ ఉంటే సిటీ తిప్పుకునేదేమో, కాదనను. ఒకే మ్యాచ్ అన్నప్పుడు మొదటి పది నిమిషాల నుంచే తాడోపేడో తేల్చుకోవాలి. హిలాల్ అలాగే ఆడింది, సిటీ ఇంకా గ్రూప్ మ్యాచ్ ఆడుతున్నట్టే ఆడింది.

నీలిజెండా:
గ్రూప్ మ్యాచ్ లాగా ఆడితే 104వ నిమిషంలో ఫోడెన్ ఆ కోణం నుంచి 3-3 చేసేవాడా? ఏదో ఒకటి అనాలని అనకండి సార్. 94వ నిమిషంలో హిలాల్ కూలిబాలీ హెడర్ పడ్డాక కూడా టీమ్ చేతులెత్తేయలేదు. ఓడిపోయారు, ఒప్పుకుంటా, కానీ పట్టించుకోకుండా ఆడారంటే మాత్రం ఊరుకోను.

ఆఫ్‌సైడ్ అమ్మాయి:
ఈ ఒక్క విషయంలో నేను నీలి వైపే. రౌండ్ మొత్తంలో చూడదగ్గ మ్యాచ్ అదొక్కటే, ఏడు గోల్స్, రెండు టీమ్‌లూ ఒకరినొకరు ఊపిరి సలపనివ్వలేదు. అది నిర్లక్ష్యంగా ఆడిన ఆట కాదు.

బెంచ్ బాబాయ్:
చూడదగ్గది అదొక్కటేనా? చెల్సీ, బెన్ఫికా మ్యాచ్ కూడా "చూడదగ్గదే", నాలుగున్నర గంటలు దాటింది మరి 😂

జెర్సీ నంబర్ 5:
అబ్బా దాని గురించి మాట్లాడండి ఎవరైనా. చెల్సీ రీస్ జేమ్స్ ఫ్రీ కిక్ పక్క నుంచి, అందరూ క్రాస్ వస్తుందనుకున్నారు, వాడు నేరుగా దగ్గరి పోస్ట్‌లోకి కొట్టాడు, బెన్ఫికా గోల్‌కీపర్ ట్రుబిన్ అప్పటికే ఒక అడుగు పక్కకి వేశాడు. 1-0. 86వ నిమిషంలో ఉరుములు, ఆట ఆపేశారు. అక్కడి రూలు ప్రకారం చుట్టుపక్కల పిడుగు పడితే కనీసం 30 నిమిషాలు ఆపాలి, మళ్ళీ మెరుపు కనిపిస్తే గడియారం మళ్ళీ మొదటి నుంచి. అలా దాదాపు రెండు గంటలు డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నారు. నాలుగు నిమిషాల ఆట కోసం మళ్ళీ వార్మప్! వచ్చాక హ్యాండ్‌బాల్, వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ నిర్ణయం), 95వ నిమిషంలో బెన్ఫికా డి మరియా పెనాల్టీ, 1-1. మ్యాచ్ అయ్యాక చెల్సీ కోచ్ మారెస్కా అయితే ఇది ఫుట్‌బాలే కాదు అని కుండబద్దలు కొట్టాడు.

స్వీపర్ కీపర్:
మారెస్కా కోపం సరైనదే, కానీ మధ్యలో ఆగింది బెన్ఫికాకి కలిసొచ్చింది, అది కూడా చెప్పాలి. ఆగకముందు చచ్చిపోయిన టీమ్, తిరిగొచ్చాక వేరే టీమ్. బెన్ఫికా ప్రెస్టియాని రెండో పసుపు కార్డు తెచ్చుకోకపోతే ఎక్స్‌ట్రా టైమ్‌లో చెల్సీకి పప్పులు ఉడికేవి కాదు. పదిమంది అయ్యాక 108, 114, 117, వరసగా మూడు. స్కోరు చూసి 4-1 అంటే ఏకపక్షం అనుకుంటారు, అస్సలు కాదు. డి మరియాకి బెన్ఫికా తరఫున అదే ఆఖరి మ్యాచ్ కూడా.

నీలిజెండా:
వాతావరణం లెక్కలోకి రాదన్నవాళ్ళు ఇప్పుడేమంటారు? యువెంటస్ కోచ్ ట్యూడర్ చెప్పింది విన్నారా, మయామీ ఎండకి పదిమంది ఆటగాళ్ళు తమని బయటికి తీసేయమని అడిగారట. మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ పెట్టేది ఎవడు, యూరప్ టీవీ టైమ్ కోసం కాకపోతే.

సాంబా శీను:
ఎండ రియల్ వాళ్ళకి తగల్లేదా బ్రో? అదే మైదానం, అదే మూడు గంటలు. ట్రెంట్ క్రాస్, గొంజాలో గార్సియా హెడర్, అయిపోయింది. ఎంబాపేకి ఒంట్లో బాగోక గ్రూప్ మ్యాచ్‌లు ఆడలేదు, ఈ మ్యాచ్‌లో చివర్లో దిగాడు, అయినా కుర్రాడు గార్సియా టోర్నీలో మూడో గోల్ కొట్టేశాడు. గోల్‌కీపర్ డి గ్రెగోరియో అన్ని ఆపకపోతే యువెంటస్‌కి ఇంకా పడేవి.

రైట్‌బ్యాక్ రావు:
ఎండ గురించి మాత్రం నీలీతో సగం ఏకీభవిస్తా. గెలుపోటములకి కాదు, ఆట నాణ్యతకి. వచ్చే ఏడాది వరల్డ్ కప్‌కి మయామీ, అట్లాంటా, ఫిలడెల్ఫియా మళ్ళీ వేదికలే. అట్లాంటా స్టేడియానికి పైకప్పు ఉంది, మయామీకి స్టాండ్స్ మీద తప్ప మైదానం మీద నీడ లేదు. మధ్యాహ్నం మ్యాచ్‌లు ఎక్కడ పెట్టాలో ఫిఫాకి ఈ నాలుగు రోజులు చూశాకైనా అర్థమవ్వాలి.

స్వీపర్ కీపర్:
ఇప్పుడు అందరికీ చేదు మాట ఒకటి చెబుతా, తిట్టుకోండి. "యూరప్ పని అయిపోయింది" అంటున్నారు కదా, లెక్క చూడండి. ఈ రౌండ్‌కి వచ్చిన 16లో 9 యూరప్ టీమ్‌లు. బెన్ఫికా, యువెంటస్ ఓడింది ఇంకో యూరప్ టీమ్ చేతిలోనే. యూరప్ టీమ్ బయటి టీమ్‌తో తలపడిన మ్యాచ్‌లు ఐదు, అందులో యూరప్ మూడు గెలిచింది, రెండు ఓడింది. గెలిచిన మూడిట్లో పీఎస్‌జీ, బయెర్న్ ఎలా గెలిచాయో కూడా చూడాలి. ఫ్లమెంగో మంచి టీమ్, ఫిలిపె లూయిస్ మంచి కోచ్, కానీ 9 నిమిషాలకే 2-0. కిమిష్ కార్నర్, పుల్గార్ తలకి తగిలి సొంత గోల్, వెంటనే కేన్. వెనక నుంచి బంతి బయటికి తెద్దామనుకున్న ప్రతిసారీ ముగ్గురు మీదపడ్డారు. ఆ వేగం లిబర్టడోరెస్‌లో వాళ్ళకి ఎదురవదు.

సాంబా శీను:
తిట్టను గానీ, గెర్సన్ గోల్ తర్వాత ఒకసారి, జోర్జినియో పెనాల్టీ తర్వాత ఒకసారి ఫ్లమెంగో తేడాని ఒక్క గోల్‌కి తెచ్చింది కదా. బయెర్న్‌కి కేన్ 73వ నిమిషంలో మళ్ళీ కొట్టేదాకా చెమటలు పట్టాయి. తొమ్మిది నిమిషాలు తీసేస్తే సమానమైన మ్యాచ్.

స్వీపర్ కీపర్:
నాకౌట్‌లో తొమ్మిది నిమిషాలు తీసేయడానికి ఉండదు శీనూ 🙂

కొత్తగా వచ్చా:
మెస్సీ మ్యాచ్ గురించి ఎవరూ రాయలేదే?

జెర్సీ నంబర్ 5:
రాయడానికి ఏముంది, ఇంటర్వెల్‌కే 4-0. అయితే ఒక సరదా విషయం ఉంది. మయామీలో మెస్సీ, సువారెజ్, బుస్కెట్స్, ఆల్బా, ఆ పైన కోచ్ మస్కెరానో, ఐదుగురూ 2015లో బార్సిలోనాలో మూడు ట్రోఫీలు గెలిచినవాళ్ళే. అప్పటి కోచ్ ఎవరు? ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ లూయిస్ ఎన్రికే. పదేళ్ళ తర్వాత గురువుగారు పాత శిష్యులకి మూడు చెరువుల నీళ్ళు తాగించారు. రెండో గోల్ చూస్తే మనసు చివుక్కుమంది, బుస్కెట్స్ కాళ్ళ దగ్గర బంతి, ఒకప్పుడు ఎవడూ లాక్కోలేని చోటు, పీఎస్‌జీ వాళ్ళు లాక్కుని జొవావ్ నెవెస్‌కి అందించేశారు.

ఒక సభ్యుడు (ఖాతా నిలిపివేయబడింది):
[పోస్ట్ తొలగించబడింది]

మోడరేటర్:
మెస్సీ, రొనాల్డో గొడవకి వేరే థ్రెడ్ ఉంది, మూడేళ్ళుగా నడుస్తోంది, అక్కడికెళ్ళి కొట్టుకోండి. ఇక్కడ ప్రిక్వార్టర్స్ మాత్రమే. ఇంకో పోస్ట్ వస్తే అదీ తీసేస్తా.

ఆఫ్‌సైడ్ అమ్మాయి:
మోడ్ గారికి దండం. ఎవరూ పట్టించుకోని మ్యాచ్ ఒకటుంది, పాల్మైరాస్, బొటాఫోగో. ఒకే దేశం టీమ్‌లు, ఒకరి ఆట ఒకరికి కంఠోపాఠం, 90 నిమిషాలు నీరసంగా నడిచింది. సబ్‌గా వచ్చిన పౌలిన్యో 100వ నిమిషంలో కుడివైపు నుంచి లోపలికి కోసుకొచ్చి కొట్టాడు. దాని ఫలితం మాత్రం నీరసం కాదు, బొటాఫోగో వెంటనే కోచ్ రెనాటో పైవాని పీకేసింది. రెండు వారాల కిందట చాంపియన్స్ లీగ్ విజేతని ఓడించిన కోచ్ అండీ!

బెంచ్ బాబాయ్:
పోయినేడు లిబర్టడోరెస్, లీగు రెండూ గెలిచిన క్లబ్, కోచ్ మారినా ఆశ మాత్రం తగ్గదు. బ్రెజిల్‌లో కోచ్ ఉద్యోగం అంతే.

అన్నట్టు డార్ట్‌మండ్ మ్యాచ్‌లో జోబ్ బెల్లింగ్‌హామ్‌కి పసుపు కార్డు, టోర్నీలో రెండోది, క్వార్టర్స్‌కి లేడు. క్వార్టర్స్‌లో ఎదురు ఎవరో తెలుసుగా, రియల్, అంటే అన్న జూడ్. అన్నదమ్ముల పోటీ చూద్దామని కూర్చున్నాం, ఒక్క కార్డుతో పోయింది. మ్యాచ్ సంగతికొస్తే అడెయెమీ ఇచ్చాడు, గిరాసీ కొట్టాడు, రెండుసార్లూ అంతే. సెకండాఫ్ మొదట్లో బెర్తెరామే ఒకటి తిరిగిచ్చాక మాంటెర్రే బాగానే వణికించింది, డార్ట్‌మండ్ గోల్‌కీపర్ కోబెల్ నిలబడ్డాడు.

రైట్‌బ్యాక్ రావు:
సరే, క్వార్టర్స్ వరస: ఫ్లూమినెన్స్ vs హిలాల్ ఒర్లాండోలో, పాల్మైరాస్ vs చెల్సీ ఫిలడెల్ఫియాలో, రెండూ జూలై 4న. మర్నాడు పీఎస్‌జీ vs బయెర్న్ అట్లాంటాలో, రియల్ vs డార్ట్‌మండ్ న్యూజెర్సీలో. అంచనాలు రాయండి, తర్వాత మార్చడానికి లేదు.

సాంబా శీను:
ఫ్లూమినెన్స్, కళ్ళు మూసుకుని. హిలాల్ 120 నిమిషాలు ఆడి వచ్చింది, ఖాళీ ఇవ్వని టీమ్ మీద మల్కమ్ ఎక్కడికని పరిగెడతాడు? రావు గారి లెక్క ప్రకారమే చెబుతున్నా.

ఆఫ్‌సైడ్ అమ్మాయి:
చెల్సీ. పాల్మైరాస్‌కి కెప్టెన్ గుస్తావో గోమెజ్ రెడ్ కార్డుతో లేడు, ఎడమవైపు పికెరెజ్ కూడా లేడు. తమాషా ఏంటంటే పాల్మైరాస్ ఆటగాడు ఎస్తెవావ్‌ని చెల్సీ ఇప్పటికే కొనేసింది, ఈ టోర్నీ అయ్యాక అక్కడికే వెళ్ళాలి. కొత్త యజమాని మీద గోల్ కొడతాడని నా పందెం, కానీ గెలిచేది చెల్సీ.

స్వీపర్ కీపర్:
పీఎస్‌జీ vs బయెర్న్‌లో గెలిచినవాళ్ళు కప్పు కూడా పట్టుకెళ్తారు. మిగతావి చూడను కూడా చూడను.

నీలిజెండా:
హిలాల్. మమ్మల్ని కొట్టినవాడు వెంటనే ఓడితే మా పరువు ఇంకా పోతుంది. కారణం అంతకంటే ఏమీ లేదు, లెక్కలు రావు గారినే అడగండి.